బండ్లు పది... ఇంజిన్ ఒక్కటే!

పదేళ్ల కిందట తిరుమల ఘాట్ ఎక్కే ట్యాక్సీలంటే డీజిల్ డిజైర్, ఎర్టిగా, ఇండికా విస్టా, ఇండిగో మాంజా. కంపెనీలు వేరు, ధరలు వేరు. బానెట్ ఎత్తితే మాత్రం చాలావాటిలో ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజినే! దాన్ని మారుతి ‘డీడీఐఎస్’ అంది, టాటా ‘క్వాడ్రాజెట్’ అంది. షెవర్లే సెయిల్‌లోనూ అదే. ‘జాతీయ ఇంజిన్’ అన్న ముద్దుపేరు ఊరికే రాలేదు.

మరి అన్నీ ఒకేలా పరిగెత్తాయా? లేదు. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్, వేరే రకం టర్బో బిగించేసరికి ఎర్టిగాలో 90 ఇచ్చింది. దీనికితోడు బండి బరువు, గేర్ల అమరిక, డీజిల్ ఎంత చిమ్మాలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్... ఇవి మారితే నడకే మారిపోతుంది.

కొత్త ఇంజిన్ తయారీ ఖరీదైన వ్యవహారం. డిజైన్, అచ్చులు, ఏళ్ల తరబడి పరీక్షలు, కాలుష్య ధ్రువీకరణ... ఈ ఖర్చంతా ఒక్క మోడల్ మీద పడితే కారు ధర కొండెక్కుతుంది. పది మోడళ్లకు పంచితే దిగొస్తుంది.

సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఇదే లెక్క కనిపిస్తుంది. 2016 ఏప్రిల్‌లో అక్కడ ఇసుజు ప్లాంటు మొదలైంది. ఒకప్పుడు వీ-క్రాస్ పికప్‌లో 2.5 లీటర్ల ఇంజిన్, ఎంయూ-ఎక్స్ ఎస్‌యూవీలో 3 లీటర్లది ఉండేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ మరుసటేడు మే నెలలో రెండు బండ్లూ ఒకే 1.9 లీటర్ల ఇంజిన్‌తో మార్కెట్లోకొచ్చాయి. శక్తి 163 హార్స్‌పవర్. వీ-క్రాస్‌కు ఇది లాభమే. 177 నుంచి దిగిన ఎంయూ-ఎక్స్‌కు మాత్రం కోత.

సీమలోనే పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్, సోనెట్, కారెన్స్‌లకూ, శ్రీపెరుంబుదూరులో పుట్టే హ్యుందాయ్ క్రెటాకూ 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉమ్మడి సొత్తు. షోరూముల్లో పోటీ, బానెట్ కింద పొత్తు!

ఈ పొత్తులో ప్రమాదమూ ఉంది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఈఏ189 డీజిల్ ఇంజిన్లలో కాలుష్య పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ బయటపడింది. ఆడి, స్కోడా, సియట్‌లతో కలిపి ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల వాహనాలకు ఆ మచ్చ అంటింది. మన దేశంలోనే దాదాపు 3.23 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

కాబట్టి రెండు మోడళ్ల ఇంజిన్ ఒకటేనని తెలిస్తే, అదనపు డబ్బు సీట్లకా, భద్రతకా, బ్యాడ్జీకా అని సేల్స్‌మన్‌ను నిలదీయండి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఎత్తు రోడ్డు మీద నడిపి చూడండి. పాత కారైతే రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర ఆరా తీశాకే అడ్వాన్స్ ఇవ్వండి.