ఎవరి ఊరి కింద?

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మమ్మకి ఫోన్లో ఒక వీడియో చూపించా. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోకి వదలకుండా పట్టుకుని, పైపుల్లో పంపి, భూమి లోపల దాచేయడం గురించి. అంతా చూసి ఒక్కటే అడిగింది: "ఎవరి ఊరి కిందరా?"

ఆమెది కోనసీమ. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్‌ మంటలు 65 రోజులు ఆరలేదు. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. గ్యాస్ అంటే ఆమెకి గుర్తొచ్చేవి అవే.

"ఇది మండదు అమ్మమ్మా, సోడాలో బుడగలొస్తాయే, అదే గ్యాస్" అన్నా. నిజమే. కానీ అది గాలి కంటే బరువు. భారీగా లీకైతే పల్లంలో పేరుకుని ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలోని సటార్షియా దగ్గర ఈ గ్యాస్ పైప్‌లైన్ పగిలి 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. అలాగని ఇది కొత్త ప్రయోగమూ కాదు. నార్వే 1996 నుంచే సముద్రం అడుగు రాతిపొరల్లో దీన్ని దాస్తోంది.

అమ్మమ్మ అడిగిందే నెదర్లాండ్స్‌లో ఒక ఊరు ఊరంతా అడిగింది. రోటర్‌డామ్ పక్కనున్న బారెండ్రెక్ట్ అది. షెల్ రిఫైనరీ గ్యాస్‌ని ఆ ఊరి కింద ఖాళీ అయిన గ్యాస్ నిక్షేపాల్లో నింపాలనుకున్నారు. ప్రమాదం లేదని అధికారులు చెప్పారు. ఇంతమంది ఉండే చోటే ఎందుకు, మా ఇళ్ల ధరలు పడిపోతే ఎవరు ఇస్తారు అని జనం నిలదీశారు. 2010 నవంబరులో ప్రభుత్వం ప్రాజెక్టు రద్దు చేసింది. ఇప్పుడు అదే రోటర్‌డామ్ నుంచి గ్యాస్‌ని ఉత్తర సముద్రం అడుక్కి పంపే పోర్థోస్ ప్రాజెక్టు చేపట్టారు.

సైన్స్ తెలియక వద్దన్నారని తీసిపారేయడం తేలిక. నాకైతే అలా అనిపించలేదు. అన్నీ ఖరారు చేసుకుని వచ్చి నచ్చజెప్తే, అది అడిగినట్టు కాదు కదా!

ఇది మనకి దూరం విషయమేం కాదు. కార్బన్‌ని పట్టి దాచడంపై నీతి ఆయోగ్ 2022లోనే నివేదిక ఇచ్చింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దక్కన్ బసాల్ట్ రాళ్లలో దాచొచ్చా అని పరిశోధించారు. నేను వద్దనను. సిమెంటు, ఉక్కు మానేసి బతకలేం, వాటి పొగని ఎక్కడో ఆపాలి.

ఇదంతా చెప్తే అమ్మమ్మ తలూపింది. "సరే నాన్నా, మంచిదే అనుకుందాం. అర్ధరాత్రి లీకైతే మాకు ఫోన్ చేసేదెవరు?"

వీడియో మళ్లీ మొదట్నుంచీ చూశా. ఆ సంగతి అందులో లేదు.