స్త్రీలును ఋణచరిత్ర పత్రమును



ఇంటి జమాఖర్చులను కానితో సహా వ్రాసికొను గృహిణులు మనలో పెక్కుమంది కలరు. కాని తమ పేర మఱియొకచోట వ్రాయబడుచున్న లెక్కను చూచినవారు అరుదు. దానినే ఋణచరిత్ర పత్రమనియు, క్రెడిట్ రిపోర్టనియు అందురు.

పూర్వము అప్పు కోరి వచ్చినవారి నడవడిని షావుకారు ఊరిలో విచారించి సొమ్ము నిచ్చెడివాడు. నేడు ఆ వివరములను బ్యాంకులకు అందించుటకై మన దేశమున ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అను నాలుగు సంస్థలు కలవు. ఇవి 2005వ సంవత్సరపు చట్టమునకు లోబడి పనిచేయుచున్నవి.

ఆ పత్రమునందు మన పేరు, పుట్టిన తేదీ, పాన్ సంఖ్య, చిరునామా ఉండును. తీసికొనిన అప్పులు, అవి బంగారముపై తెచ్చినవైనను, క్రెడిట్ కార్డువైనను, వాయిదాలు చెల్లించిన తీరు, మన పత్రమును అడిగి చూచిన బ్యాంకుల పేర్లు ఉండును. వీనినిబట్టి 300 మొదలు 900 వఱకు ఒక అంకె నిర్ణయింపబడును. మన నగలు గాని, డిపాజిట్లు గాని ఇందు కానరావు. కలిమి యెంతయో ఇది చెప్పదు. ఇచ్చిన మాట యెట్లు నిలుపుకొంటిమో మాత్రమే చెప్పును.

"నేనెన్నడును అప్పు చేయలేదు, నాకిది యేల?" అని కొందఱందురు. భర్తతో కలిసి గృహఋణపు కాగితములపై సంతకము చేసినను, అన్నకో మఱదికో హామీగా నిలిచినను, ఆ అప్పు మీ పత్రమునకు ఎక్కును. వారు వాయిదా తప్పినచో మచ్చ మీకును తగులును. రేపు కుమార్తె చదువునకో, ఇంట కుట్టుపని సాగించుటకో మీరు అప్పు కోరినప్పుడు ఆ పాత సంతకమే అడ్డుపడవచ్చును.

కావున ఏటేట దానిని తెప్పించి చూచుకొనవలెను. ప్రతి సంస్థయు సంవత్సరమున కొకమారు పూర్తి పత్రమును ఉచితముగా నీయవలెనన్న రిజర్వు బ్యాంకు ఆజ్ఞ 2017 నుండి అమలునందున్నది. సంస్థ వెబ్‌సైటునందు పాన్ సంఖ్య, ఫోను సంఖ్య తెలిపి పొందవచ్చును. మన పత్రమును మనము చూచుకొన్నందున అంకె తగ్గదు.

చూచునపుడు మూడు సంగతులు గమనింపుడు. వివాహానంతరము మాఱిన ఇంటిపేరు సరిగా నున్నదా? మీరెఱుగని అప్పు ఏదైన కలదా? తీర్చిన అప్పు "క్లోజ్డ్" అని యున్నదా? "సెటిల్డ్" అని యున్నచో పూర్తిగా చెల్లింపక రాజీపడినట్లు అర్థము; అప్పిచ్చువారు దానిని లోపముగా నెంతురు.

తప్పు కనబడినయెడల ఆ సంస్థకును బ్యాంకునకును ఫిర్యాదు చేయుడు, రుసుము లేదు. ముప్పది దినములలో పరిష్కరింపనిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మీయవలెనను నియమము 2024 ఏప్రిల్ 26 నుండి కలదు. కాని నిజముగా జరిగిన ఆలస్యమును ఎవరును తుడిచివేయజాలరు. సొమ్ము పుచ్చుకొని తుడిచెదమను దళారులను నమ్మవలదు. ఇకముందు వాయిదాలు సకాలమున చెల్లించుటయే దానికి మందు.

సోదరీ! ఇంటివారు కాగితము ముందుంచి సంతకము చేయుమన్నప్పుడు "ఇది ఎవరి అప్పు? ఎంత? తీర్చువారెవరు?" అని అడుగుట అవిధేయత కాదు. ఆ ప్రశ్న ఇంటినంతయు కాపాడును.