లైసెన్సు చేతిలో ఉన్నా...

దూబగుంట ఆడవాళ్ల కథ మనకు కొత్తకాదు. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో రోశమ్మా, తోటివాళ్లూ సారా రానివ్వమని అడ్డం నిలబడ్డారు. ఆ సెగ హైదరాబాదుకు తగిలింది. 1993 అక్టోబరులో సారా మీద, 1995 జనవరిలో మొత్తం మద్యం మీద నిషేధం వచ్చింది. మరి మద్యం కంపెనీలు ఊరుకున్నాయా?

ఊరుకోలేదు. అదే ఏడాది తయారీని కూడా చట్టం ఆపేసేసరికి కోర్టుకెక్కాయి. పరిశ్రమల మీద అదుపు 1951 నాటి కేంద్ర చట్టానిది, మూయించడానికి రాష్ట్రమెవరు అని వాటి వాదన. లైసెన్సు కావలసినప్పుడు మాత్రం రాష్ట్రం గడపే తొక్కారు లెండి!

వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మెక్‌డోవెల్ కేసుగా పేరుపడిన అందులో 1996 మార్చిలో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి, మన తెలుగువారే. తాగే మద్యం విషయంలో తయారీని ఆపే అధికారం కూడా రాష్ట్రానిదేనన్నారు. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లోనే అదే కోర్టు చెప్పింది.

మామూలుగా లైసెన్సు రద్దయితే, సంజాయిషీ విన్నారా, కారణం చెప్పారా అని అప్పీలులో నిలదీయొచ్చు. శాసనసభే వద్దని చట్టం చేశాక ఆ వాదనకు చోటేదీ?

అయితే కోర్టు తెరవని తలుపును మరుసటి ఏడాది, 1997లో, ప్రభుత్వమే తెరిచింది. ఖజానాకు డబ్బు చాలడం లేదన్నారు. సారా మీద నిషేధం మాత్రం ఉంచారు.