వైఫై రౌటర్ మాటిమాటికీ ఆగి మళ్లీ ఆన్ అవుతోందా? ముందు అడాప్టర్ చూడండి



"నెట్ పోయింది మేడమ్, అందుకే వర్క్‌షీట్ అప్‌లోడ్ చేయలేదు." మా స్టాఫ్ రూమ్‌లో ఏ క్లాస్ టీచర్‌ని అడిగినా ఈ మాట వినని వారం లేదంటారు. కొన్నిసార్లు అది సాకే. కానీ నిజమైనప్పుడు మాత్రం పిల్లలకు రెండు వైపులా మాట పడుతుంది. స్కూల్లో మేం నమ్మం. ఇంట్లో "ఎప్పుడూ గేమ్స్ ఆడుతుంటే నెట్ ఎందుకు ఉంటుంది" అంటారు. బాగున్న రౌటర్ గేమ్స్ ఆడినంత మాత్రాన ఆఫ్ అయిపోదండీ. కాబట్టి పిల్లల మీద కోప్పడే ముందు, ప్లాన్ మార్చే ముందు, కొత్త రౌటర్ కొనే ముందు ఒక్క సాయంత్రం కేటాయించి కారణం వెతుకుదాం.

మొదట తేల్చుకోవాల్సింది: పోతున్నది నెట్టా, రౌటరా? రెండూ వేరు. నెట్ మాత్రమే పోతే రౌటర్ మీద పవర్ లైట్ అలాగే వెలుగుతూ ఉంటుంది, ఫోన్‌లో వైఫై పేరు కూడా కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు అప్పుడు 'లాస్' అనే లైట్ ఎర్రగా మెరుస్తుంటే తప్పు లైన్‌లో ఉన్నట్టు. కంపెనీకి ఫోన్ చేయడమే. ఆ సన్నటి ఫైబర్ వైరును మడవకండి, పీకి దాని కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. అందులో వెళ్లే లేజర్ వెలుగు కంటికి కనిపించదు.

రౌటరే రీస్టార్ట్ అవుతుంటే లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి ఒక్కొక్కటిగా మళ్లీ వస్తాయి. ఫోన్‌లో వైఫై పేరే మాయమై ఒకటి రెండు నిమిషాల తర్వాత తిరిగి కనిపిస్తుంది. ఆ సమయంలో మీరు చూడలేకపోయినా సాక్ష్యం దొరుకుతుంది. రౌటర్ కింద లేబుల్ మీద ఒక అడ్రస్ ఉంటుంది, చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అయితే చాలా రౌటర్లలో స్టేటస్ పేజీలో 'అప్‌టైమ్' అని కనిపిస్తుంది. రౌటర్ ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో అది చెబుతుంది. మీరు వారంగా స్విచ్ ముట్టుకోలేదు, ఇంట్లో కరెంటూ పోలేదు, కానీ అక్కడ 40 నిమిషాలే చూపిస్తోందంటే, మీ అబ్బాయి చెప్పింది నిజమే.

ఇప్పుడు అసలు విషయం. రౌటర్ ఇలా ఆగి ఆగి నడుస్తుంటే నేను ముందు అనుమానించేది దాని అడాప్టర్‌ను. గోడ సాకెట్‌లోని 230 వోల్టుల కరెంటును అది రౌటర్‌కు కావలసిన 12 వోల్టులకో 9 వోల్టులకో తగ్గించి ఇస్తుంది. రాత్రీ పగలూ ప్లగ్‌లోనే ఉండి వేడెక్కుతూ ఉంటుంది. లోపల కెపాసిటర్ అనే భాగం ఆ వేడికి ఏళ్ల తరబడి ఎండి బలహీనపడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు నీళ్లు గుర్తు తెచ్చుకోండి. ఒక్క కుళాయి తిప్పితే ధారగా వస్తాయి, అన్ని ఫ్లాట్లలో ఒకేసారి తిప్పితే పై అంతస్తులో సన్నగిల్లుతాయి. అడాప్టర్ కూడా అంతే. మధ్యాహ్నం ఒక్క ఫోన్ కనెక్ట్ అయి ఉంటే రౌటర్ బాగానే నడుస్తుంది. సాయంత్రం నాన్నగారి ఆఫీస్ మీటింగ్, అక్క ఆన్‌లైన్ క్లాస్, టీవీలో సినిమా కలిస్తే రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత అడాప్టర్ అంత ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోతుంది, రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. పిల్లల హోంవర్క్ టైమ్‌కే ఇది జరగడంలో వింతేమీ లేదు.

అందుకే "లైట్లు వెలుగుతున్నాయిగా, అడాప్టర్ బాగుంది" అనుకోవద్దు. ఎలక్ట్రీషియన్ దాన్ని రౌటర్ నుంచి తీసి మీటర్ పెట్టి చూసినా 12 వోల్టులు సరిగ్గానే చూపించవచ్చు. లోడ్ పడ్డప్పుడే దాని సంగతి బయటపడుతుంది.

సరైన పరీక్ష మరో అడాప్టర్ పెట్టి చూడడమే. ఇక్కడ మాత్రం జాగ్రత్త. పాత అడాప్టర్ మీద 'ఔట్‌పుట్' అన్న చోట చదవండి. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండవచ్చు, ఎక్కువైనా పరవాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. పిన్ సైజు, లేబుల్ మీద గుండ్రటి బొమ్మలో చూపించే ప్లస్, మైనస్ గుర్తులు కూడా కలవాలి. పిన్ పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ తగిలించకండి, వోల్టులు వేరైతే రౌటర్ కాలిపోవచ్చు. పాతదాన్ని వెంట తీసుకెళ్లి షాపులో చూపించడం మంచిది. రౌటర్ కంపెనీ ఇచ్చిందైతే అసలు కొనకండి, వాళ్లనే మార్చమనండి. ఫోన్‌లో "నెట్ స్లోగా ఉంది" అంటే పెద్ద ప్లాన్ తీసుకోమంటారు. 100 ఎంబీపీఎస్ నుంచి 300కు మారినా అదే అడాప్టర్ కదా! "రౌటర్ రీస్టార్ట్ అవుతోంది, అప్‌టైమ్ ఇంతే చూపిస్తోంది" అని చెప్పండి.

మిగిలిన కారణాలు త్వరగా చూసేయవచ్చు. ప్లగ్ వదులుగా ఉందేమో కదిపి చూడండి. ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి ఉంటే తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలోనే రౌటర్ ఆగుతుంటే, ఇన్వర్టర్ మీద 'యూపీఎస్' అనే స్విచ్ ఉందేమో చూసి అటు మార్చండి. రోజూ సరిగ్గా ఒకే నిమిషానికి ఆగుతుంటే, రౌటర్ సెట్టింగుల్లో టైమ్ ప్రకారం రీబూట్ అయ్యే ఆప్షన్ ఆన్ అయి ఉండవచ్చు.

వేడి సంగతి మాత్రం ఈ ఎండల్లో వదలకూడదు. దుమ్ము పడకుండా రౌటర్ మీద అల్లిన గుడ్డ కప్పడం, టీవీ వెనక ఇరికించడం, సెట్‌టాప్ బాక్స్ మీద కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోతే వేడెక్కి అదీ ఆగిపోతుంది. స్విచ్ ఆపి, పొడి బ్రష్‌తో దుమ్ము తీసి, గాలి తగిలే చోట పెట్టి రెండు రోజులు చూడండి.

ఒకేసారి అన్నీ మార్చేయకండి. ఏది మారిస్తే తగ్గిందో తెలియదు. హైస్కూల్ పిల్లలైతే ఏ టైమ్‌కి ఆగింది, అప్పుడు ఇంట్లో ఏమేమి నడుస్తున్నాయి అని రెండు రోజులు నోట్ చేయమనండి. ప్లగ్గులు తీయడం పెట్టడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి. వెనక సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను సూదితో నొక్కనివ్వకండి. అది రీస్టార్ట్ కాదు, సెట్టింగులన్నీ చెరిపేస్తుంది. కొన్ని కనెక్షన్లలో కంపెనీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ ఎక్కించేదాకా నెట్ రాదు. యూనిట్ టెస్టుల వారంలో ఆ అవస్థ వద్దు.

ఇదంతా తేలేవరకు వర్క్‌షీట్ అప్‌లోడ్ కాకపోతే నోట్‌బుక్‌లోనే పూర్తిచేయించి మర్నాడు పంపండి. డైరీలో ఒక లైన్ రాసి సంతకం పెడితే చాలు, నేను దిద్దుతాను.