నాన్ పోటబుల్ అంటే 'తీసుకుపోవద్దు' అని కాదు!

సీఫ్ (బహ్రెయిన్): మా సైట్ వెనక ఓ నీళ్ల ట్యాంకు ఉంది. కుళాయి మీద 'నాన్ పోటబుల్ వాటర్' అని ఇంగ్లిష్ బోర్డు. తగిలించింది నేనే. ఓ వేసవిలో జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు ఆ కుళాయి కింద దోసిలి పట్టి తాగుతూ కనిపించాడు.

"బోర్డు చూడలేదారా?" అన్నాను.

"చూసిన అన్నా. నాన్ పోర్టబుల్ అని ఉంది గదా... వేరే కాడికి తీస్కపోవద్దని. అందుకే ఈడనే తాగుతున్న."

నవ్వొచ్చింది. రెండ్రోజులకు వాంతులు, విరేచనాలతో వాడు క్యాంపులో మంచం పట్టాక ఆ నవ్వు పోయింది. వాడు బోర్డు చదవక కాదు, చదివే తాగాడు!

మిత్రులారా, ఈ రెండు మాటలకూ తేడా ఒక్క 'ఆర్' అక్షరమే. పోర్టబుల్ అంటే మోసుకెళ్లగలిగేది. రైల్వే పోర్టర్‌ను గుర్తుపెట్టుకోండి. పోటబుల్ అంటే తాగదగినది. లాటిన్‌లో 'పోటారే' అంటే తాగడం. మన 'పానీయం' కూడా దానికి దూరపు చుట్టమేనని భాషావేత్తలు చెబుతారు. ముందు 'నాన్' ఉంటే తాగకూడదనే అర్థం.

మాట్లాడేటప్పుడు ఈ మాట ఎవరూ పెద్దగా వాడరు. దాహమైతే 'డ్రింకింగ్ వాటర్' అనే అడుగుతాం. పోటబుల్ కనిపించేది బోర్డుల మీద, టెండరు కాగితాల్లో, డ్రాయింగుల్లో. కాంక్రీటు కలపడానికి పోటబుల్ నీళ్లు సాధారణంగా సరిపోతాయని మన ఐఎస్ 456:2000 చెబుతుంది. డిప్లొమాలో నేను బట్టీ పట్టిన ముక్క అది. అయితే కాంక్రీటుకు పనికొచ్చే నీళ్లన్నీ మనిషికి పనికిరావు.

మన ఊళ్లలో మంచినీళ్లు వేరు, వాడుక నీళ్లు వేరు. ఆ తేడా చిన్నపిల్లలకూ తెలుసు. నాకు తెలిసిన ఇంగ్లిష్ మాట అందరికీ తెలుసనుకోవడమే నా పొరపాటు.

ఇప్పుడు ఆ కుళాయి మీద ఎర్ర రంగుతో 'ఈ నీళ్లు తాగవద్దు' అని తెలుగులో రాయించా. పక్కనే హిందీ, బెంగాలీ. అరబ్బీలో 'గైర్ సాలిహ లిల్ షుర్బ్'. అడ్డంగా గీత కొట్టిన గ్లాసు బొమ్మ కూడా. ఆ తమ్ముడు కోలుకున్నాడు. బొమ్మ గీసింది వాడే.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ సైట్‌లో కుళాయి మీద బోర్డు ఓసారి చూడండి. పక్కవాడికి చదివి అర్థం చెప్పండి.