ఇంధనమే కందెన యగుట ఎట్లు?

అరచేతులు రెంటిని గట్టిగా రుద్దుకొన్నచో వేడి పుట్టును గదా. అట్లే యంత్రమున ఒక లోహభాగము మఱియొకదానిపై కదలునపుడు ఘర్షణము కలిగి, లోహము క్రమముగా అరిగిపోవును. పెక్కు డీజిల్ ఇంజనులలో ఇంధనమును అధిక పీడనముతో నెట్టు పంపునకు వేఱుగా నూనె పోయరు. లోపల ప్రవహించు డీజిలే దానికి కందెన.

ఐతే ఈ కందెన గుణము అన్ని డీజిళ్ళకును సమానముగా ఉండదు. 1925 ప్రాంతమున జర్మనీ దేశమందు ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రోప్ష్ అను శాస్త్రజ్ఞులు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులను కలిపి ద్రవేంధనమును సృజించు మార్గమును కనుగొనిరి. ఇట్టి కృత్రిమ డీజిలునందు గంధకము లేదన్నంత స్వల్పము గనుక కాలుష్యము తక్కువే. కాని లోహమును అంటిపెట్టుకొని సన్నని పొరవలె కాపాడు అణువులు సైతము అందు మిక్కిలి అరుదు. అందుచేతనే అరుగుదల హెచ్చును.

ఎంత హెచ్చునో ప్రయోగశాలలో ఇట్లు కొలుతురు: 60 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఇంధనమున మునిగిన ఉక్కు బిళ్ళపై, 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు 50 మార్లు చొప్పున 75 నిమిషములు రాపాడించి, గుండుపై పడిన మచ్చను సూక్ష్మదర్శినితో పరిశీలింతురు. ఐరోపా ప్రమాణము ననుసరించి ఆ మచ్చ 460 మైక్రోమీటర్లు, అనగా అర మిల్లీమీటరు కంటె కొంచెము తక్కువ, మించరాదు. మించినచో నూటికి ఒకటి రెండు పాళ్ళు బయోడీజిల్ కలిపిన సాధారణముగా చాలును.