చీపురు పట్టిన చేతికి గడియారం

మా అమ్మ 22 ఏళ్లు మునిసిపాలిటీలో వీధులు ఊడ్చింది. తెల్లవారకముందే మస్తరు దగ్గర నిలబడకపోతే ఆనాటి కూలి పోయినట్టే. ఆలస్యమైన రోజున మేస్త్రీతో వాదించేది. కొన్నిసార్లు నెగ్గేది, చాలాసార్లు ఓడేది. కానీ వాదించడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. నేడు నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ‘సందర్భాన్ని గ్రహించే యంత్రాలు’ అన్న అధ్యాయం తెరిచిన ప్రతిసారీ ఆ మస్తరే గుర్తుకొస్తుంది.

మనిషి ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో తనంతట తానే పసిగట్టి అందుకు తగినట్టు నడుచుకునే వ్యవస్థకు 1994లో బిల్ షిలిట్, మార్విన్ థైమర్ ‘కాంటెక్స్ట్ అవేర్’ అని పేరు పెట్టారు. అంతకుముందే కేంబ్రిడ్జ్‌లోని ఓలివెట్టి పరిశోధనశాల సిబ్బంది బ్యాడ్జీలు ధరించారు. అవి 15 సెకన్లకోసారి పరారుణ సంకేతం పంపేవి. మనిషి ఏ గదిలో ఉంటే ఆ గదికి ఫోను కలిపేవారు. ఇష్టం లేనప్పుడు ఆ బ్యాడ్జీని తీసి సొరుగులో పడేసే వీలుండేది.

అదే ఆలోచన మన దేశంలో ఎవరి చేతికి చేరింది? నాగ్‌పూర్, చండీగఢ్, పంచకుల నగరపాలక సంస్థలు పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు తొడిగాయి. కార్మికులు నిరసనకు దిగారు. ఈ పనిలో ఉన్నవారిలో అత్యధికులు దళితులన్నది అందరికీ తెలిసిన సత్యమే. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తకు సౌకర్యమైన పరికరం ఇక్కడ కాపలాదారు అయింది. యంత్రం మారలేదు, ధరించిన మనిషి స్థానం మారింది.

20 నిమిషాలు ఒకేచోట నిలిచిన చుక్కను యంత్రం బద్ధకంగా లెక్కిస్తుంది. ఆ వీధిలో ఆమెకు మరుగుదొడ్డి లేదని, నీళ్లడిగితే గేటు అవతలి నుంచి దోసిట్లో పోశారని ఆ చుక్క చెప్పదు. యంత్రం దృష్టిలో సందర్భమంటే అక్షాంశం, రేఖాంశం. ఆమె బతుకులో సందర్భమంటే కులం. దాన్ని చూడలేని వ్యవస్థ ఎంత కచ్చితంగా కొలిచినా అన్యాయాన్నే కొలుస్తుంది.

నమ్మకానికి కావలసినవేమిటో శాస్త్రానికి తెలియనివి కావు. తనకు ఏం తెలుసో, దాంతో ఏం చేయబోతోందో యంత్రం మనిషికి అర్థమయ్యేలా చెప్పాలని, జవాబుదారీతనానికి చోటుండాలని 2001లోనే విక్టోరియా బెల్లోటి, కీత్ ఎడ్వర్డ్స్ సూత్రీకరించారు. మన చట్టం మాత్రం వెనక్కి నడిచింది. 2019 నాటి వ్యక్తిగత సమాచార బిల్లు కులాన్ని, తెగను సున్నితమైన సమాచారంగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. పైగా ఉద్యోగ అవసరాల పేరిట సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకునే వీలు యజమానికి కల్పించింది.

అందుకే నా విద్యార్థులను నేనడిగేది ఒక్కటే. మీ యంత్రాన్ని నమ్మవలసింది దాన్ని కొన్న కమిషనరా, మోసే కార్మికురాలా? ఆమె కోసమే అయితే, తన గురించి ఏం నమోదైందో ఆమె భాషలో ఆమెకు వినిపించాలి. తప్పును సరిదిద్దించుకునే హక్కు, పని ముగిశాక విప్పేసే హక్కు ఉండాలి. కూలి కోయడానికి ముందు ఆమె మాట వినే మనిషి ఉండాలి.

ప్రమాదకరంగా మురుగు కాల్వలు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా మరణాలు ఆగలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటి మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచవలసి వచ్చింది. మనిషి ఎక్కడ ఆగాడో పట్టుకునే తెలివి మనకుంది. అతడు మ్యాన్‌హోల్‌లోకి దిగుతున్నప్పుడు దింపుతున్న వాడిని పట్టుకునేందుకు ఆ తెలివిని వాడిన రోజున, మా అమ్మలాంటి వాళ్లు ఆ గడియారాన్ని తామే అడిగి కట్టుకుంటారు.